అడగడమూ ఏడవడమూ

హిందీలో ఒక సామెత ఉన్నది: ఏడవనిదే తల్లి అయినా పాలివ్వదని. అదే భావానికి తెలుగు పల్లెలలో వినవచ్చే మాట వేరు: అడగనిదే అమ్మయినా పెట్టదని. రెండు సామెతలలోనూ ఆకలి ఒకటే, తల్లి ఒకతే, పెట్టవలసిన చేయి ఒకటే. అయినా రెంటికీ నడుమ ఉన్న దూరం చిన్నది కాదు. ఏడుపు మాటలు రాని పసికందుది. అడగడం మాట నేర్చిన బిడ్డది. ఏడ్చేవాడు తన బాధను చూపుతాడు. అడిగేవాడు తన అవసరాన్ని చెబుతాడు. బాధను చూచినవారికి కన్నీరు వస్తుంది. అవసరాన్ని విన్నవారికి ఆలోచన వస్తుంది. కన్నీరు త్వరగా వచ్చి త్వరగా ఆరిపోతుంది. ఆలోచన ఆలస్యంగా వచ్చినా కొంతకాలం నిలుస్తుంది.

పిల్లలకు మాట నేర్పడం కోసమే పుట్టిన సంస్థ బడి. అట్టి బడి తన అవసరాల కోసం లోకం ఎదుట నిలువవలసి వచ్చినప్పుడు ఈ రెండింటిలో ఏ దారి పట్టవలెను? నేడు ఈ ప్రశ్న కేవలం తర్కానికి సంబంధించినది కాదు. ఏ మారుమూల ప్రాథమిక పాఠశాల అయినా తన కొరతను అంతర్జాలంలో పెట్టి, ఊరూ పేరూ తెలియని వారిని సహాయం కోరగల కాలం వచ్చినది. సెల్‌ఫోను తెర మీద ఒక ఛాయాచిత్రం, దాని కింద నాలుగు వాక్యాలు, కావలసిన మొత్తం, ఇంతవరకు వచ్చిన మొత్తం, ఆ రెంటి మధ్య మెల్లగా నిండుతూ వచ్చే ఒక రంగుపట్టీ. ఇచ్చేవాడు రైలులో కూర్చుండి టీ తాగుతూ ఒక్క వేలితో ఐదువందల రూపాయలు పంపగలడు. ఇవ్వడం ఇంత సులభమైన కాలం ఇంతకుముందు లేదు; అడగడం ఇంత సులభమైన కాలమూ లేదు. పని సులభమైనంత మాత్రాన దాని మంచిచెడ్డల విచారణ సులభమైపోదు.

రాజస్థానానికి ఈ వ్యవహారంలో పాత అనుభవం ఉన్నది. అక్కడ బడికి ధనసహాయం చేసినవానిని 'భామాషా' అని పిలవడం వాడుక. భామాషా మేవాడు మహారాణా ప్రతాపుని మంత్రి. 1576లో హల్దీఘాటీ యుద్ధం జరిగిన తరువాత, సైన్యాన్ని నిలబెట్టుకొనే ధనం లేక మహారాణా కొండలలో, అడవులలో కష్టపడుతున్న కాలంలో, భామాషా తాను కూడబెట్టినదంతా తెచ్చి ఆయన ముందు ఉంచినాడని అక్కడి సంప్రదాయం చెబుతుంది. ఆ విధంగా ఒక మనిషి పేరు దాతలందరికీ వర్తించే మాట అయినది. ఈ కథను చెప్పేవారు మహారాణా చేయి చాచినాడని చెప్పరు. భామాషాయే వెదకుకొంటూ వచ్చినాడంటారు. భామాషా జయంతిగా పాటించే జూన్ 28న, పాఠశాలలకు విరాళాలిచ్చినవారిని రాష్ట్ర ప్రభుత్వం సన్మానించే ఆనవాయితీ ఏర్పడినది. దాతలతోపాటు, వారిని ఆ పనికి పురికొల్పిన ఉపాధ్యాయులు మొదలైనవారిని కూడ 'ప్రేరకులు' అనే పేరుతో గౌరవిస్తారు. ఇచ్చినవానికే గాక అడిగినవానికి కూడ శాలువా కప్పే ఆచారం అరుదైనది. అడగడం ఒక విద్య అని, అది సిగ్గుపడవలసిన పని కాదని ఆ సమాజం గుర్తించినదన్నమాట.

ఈ విద్య అక్కడ ఎట్లా పెరిగినదో తెలియవలెనంటే రాజస్థానానికి ఈశాన్యాన ఉన్న శేఖావాటీ సీమను చూడవలెను. ఝుంఝునూ, సీకర్, చూరూ జిల్లాలలో వ్యాపించిన ఆ నేల ఇసుకనేల, వాన తక్కువ. పంటను నమ్ముకొని బ్రదకడం కష్టమైన ఆ పల్లెల నుండి పందొమ్మిదవ శతాబ్దంలో మార్వాడీ వర్తకులు కలకత్తాకు, బొంబాయికి తరలిపోయినారు. మనుష్యులు వెళ్లినారు గాని మనసులు ఊరిలోనే ఉండిపోయినవి. సంపాదించిన ధనం వెనుకకు వచ్చి, గోడలనిండా బొమ్మలు వ్రాయించిన హవేలీలుగా, బావులుగా, జోహడులని పిలిచే చెరువులుగా, ధర్మశాలలుగా లేచినది. ఆ వరుసలోనే పాఠశాల కూడ చేరినది. 1901లో పిలానీ గ్రామంలో శివనారాయణ బిర్లా తన మనుమల చదువుకోసం ఒక చిన్న పాఠశాలను ప్రారంభించినారు. ఆ మనుమలలో ఒకరు ఘనశ్యామదాస్ బిర్లా. ఆ గ్రామంలోనే 1964 నాటికి దేశమంతటా పేరుగాంచిన సాంకేతిక విద్యాసంస్థ వెలసినది. ఇసుకలో నాటిన విత్తనానికి అంత నీరు దొరకడం ప్రతి ఊరి అదృష్టం కాదు. అయితే దూరాన ఉన్న ధనం ఊరి బడికి చేరడానికి ఒక దారి ఉన్నదని శేఖావాటీ ప్రజలకు అప్పటినుండే తెలుసును. నాటి సాధనం ఉత్తరం. నేటి సాధనం తెర.

ధనవంతులు తమంతట తాము ఇచ్చిన కథ ఒకటి. ధనం లేనివాడు అడిగి తెచ్చిన కథ మరొకటి. సీకర్ ప్రాంతంలోని మగలూణా గ్రామంలో 1883లో ఒక పేద రైతు ఇంట పుట్టిన బాలుడు, 1899 నాటి ఘోరమైన కరువులో ఇల్లూ వాకిలీ విడిచి ఉత్తరదిశగా నడిచిపోయినాడు. చిన్నతనంలో బడి ఎరుగడు. ఒక ఆశ్రమంలో చేరి, సాధువై, అక్కడే అక్షరాలు నేర్చినాడు. ఆయనే స్వామి కేశవానందులు. 1932లో సంగరియాలోని ఒక పాఠశాల ధనం లేక మూతబడే స్థితికి వచ్చినప్పుడు ఆయన దాని భారాన్ని తలకెత్తుకొన్నారు. ఊరూరా తిరిగి రైతులను అడిగినారు. బడిని నిలబెట్టినారు; దానినుండి గ్రామోత్థాన విద్యాపీఠాన్ని పెంచినారు; ఎడారి పల్లెలలో అనేక పాఠశాలలను వెలయించినారు. 1952 నుండి 1964 వరకు రాజ్యసభలో సభ్యులుగా ఉండి 1972లో కన్నుమూసినారు. చదువు దొరకని బాల్యమే ఆయనకు అడిగే అధికారాన్ని ఇచ్చినది. కాని ఆయన తన బాల్యాన్ని చూపి అడగలేదు; కట్టవలసిన గదిని చూపి అడిగినారు.

ఆ కాలపు దానాలన్నీ మచ్చలేనివని చెప్పనక్కరలేదు. సేఠ్ కట్టించిన పాఠశాలలో సేఠ్ మాటే చెల్లేది. అన్ని కులాల పిల్లలకూ అన్ని పాఠశాలల తలుపులూ ఒకే విధంగా తెరచుకోలేదు. దాత పేరు చెక్కిన పాలరాతి పలక కొన్నిచోట్ల నల్లబల్ల కంటె పెద్దదిగా ఉండేది. అయినా ఆ పద్ధతిలో ఒక మేలు ఉన్నది. అడిగినవాడూ ఇచ్చినవాడూ ఒకరి ముఖం ఒకరు చూచుకొన్నవారు. ఇచ్చినవాడు పెండ్లికో జాతరకో ఊరికి వచ్చినప్పుడు బడివైపు నడిచేవాడు. పైకప్పు కారుతున్నదా, పంతులు వస్తున్నాడా అని విచారించేవాడు. ధనం వెంట కన్ను కూడ వచ్చేది. తెర మీది దానంలో ధనం మాత్రమే వచ్చి, కన్ను వెనుక ఉండిపోయే ప్రమాదమున్నది.

అంతర్జాలంలో బడికోసం అడిగే పద్ధతికి తొలినాళ్లలో ఒక స్పష్టమైన రూపం అమెరికాలో ఏర్పడినది. అక్కడ ప్రభుత్వ పాఠశాలల రాబడిలో పెద్ద భాగం ఆయా ప్రాంతాల ఆస్తిపన్నుల నుండి వస్తుంది. కనుక ఇండ్ల విలువ తక్కువైన పేటలో బడి కూడ పేదదై ఉండడం సాధారణం. పుస్తకాలకు, రంగుపెన్సిళ్లకు ఉపాధ్యాయులు తమ జేబునుండి ఖర్చుపెట్టుకోవడం మామూలు. 2000లో న్యూయార్కు నగరంలోని బ్రాంక్స్ ప్రాంతంలో చరిత్ర బోధించే చార్లెస్ బెస్ట్ అనే యువ ఉపాధ్యాయుడు 'డోనర్స్ చూజ్' అనే ఏర్పాటును ప్రారంభించినాడు. ఉపాధ్యాయుడు తన తరగతికి కావలసిన వస్తువును పేర్కొని కారణం వ్రాస్తాడు. చదివినవారు తమకు నచ్చినదానికి ధనమిస్తారు. ఆ ధనం ఉపాధ్యాయుని చేతికి రాదు. సంస్థయే వస్తువులను కొని బడికి పంపుతుంది. తోటి ఉపాధ్యాయులు పెట్టిన తొలి కోరికలలో పెక్కింటిని బెస్ట్ తానే రహస్యంగా చెల్లించినాడు. అడిగితే దొరుకుతుందన్న నమ్మకం పుట్టకపోతే ఎవరూ అడగరని అతనికి తెలిసి ఉండవలెను. ఆ ఏర్పాటులోని మెచ్చదగిన అంశం ఒకటి ఉన్నది: అడిగేది ఉపాధ్యాయుడు, అడిగేది ఒక నిర్దిష్టమైన వస్తువు. కోరికకు ఒక కొలత, ఒక ధర, ఒక ముగింపు ఉన్నవి.

భారతదేశంలో ఈ మార్గం విశాలం కావడానికి రెండు కారణాలు తోడైనవి. మొదటిది 2013 నాటి కంపెనీల చట్టం. దాని 135వ సెక్షను ప్రకారం, నిర్ణీతమైన పరిమాణాన్ని మించిన కంపెనీలు గడచిన మూడేండ్ల సగటు లాభంలో కనీసం నూటికి రెండు వంతులు సామాజిక కార్యాలకు వినియోగించవలెను. ఆ కార్యాలలో విద్య ఒకటి. రెండవది 2016లో వచ్చిన యూపీఐ పద్ధతి. దానితో చిన్న మొత్తాలను సైతం సెల్‌ఫోను ద్వారా క్షణంలో పంపడం సాధ్యమైనది. ఈ నేపథ్యంలో రాజస్థాన్ ప్రభుత్వం 2017 ఆగస్టులో 'జ్ఞాన్ సంకల్ప్' అనే పోర్టల్‌ను ఆరంభించినది. దాత ఒక పాఠశాలను ఎన్నుకొని దానికే ఇవ్వవచ్చును. కంపెనీ ఒక పాఠశాలను దత్తత తీసికొనవచ్చును. ఏ బడినీ ఎన్నుకొనదలచనివారు విద్యాదాన నిధికి పంపవచ్చును. కేంద్ర ప్రభుత్వం 2021 సెప్టెంబరులో కొత్తరూపంలో ప్రారంభించిన 'విద్యాంజలి' మరొక దారి పట్టినది. అది నగదును కోరదు. వస్తువును కోరుతుంది, లేదా మనిషి సమయాన్ని కోరుతుంది. గణితం చెప్పగలిగినవాడు గణితం చెప్పవచ్చును. బల్లలు ఇవ్వగలిగినవాడు బల్లలు ఇవ్వవచ్చును. ఈ ఏర్పాట్లలో లెక్క ఉన్నది, రసీదు ఉన్నది. పూర్వం ప్రధానోపాధ్యాయుడు చందాపుస్తకం చంకనబెట్టుకొని బజారువెంట తిరిగినప్పుడు పడిన అవమానాలలో కొన్నింటిని ఇవి తప్పించినవి. ఇది చిన్న మేలు కాదు.

అయితే ప్రభుత్వం వేసిన రాజమార్గం పక్కనే ఎన్నో కాలిబాటలు పుట్టినవి. ప్రజలనుండి చందాలు సేకరించే ప్రైవేటు వేదికలున్నవి, వాట్సాప్ గుంపులున్నవి, ఉత్సాహవంతులైన యువకుల సొంత పేజీలున్నవి. వాటిలో అడగడానికి నియమం లేదు. ఎవరి కోరిక కంటబడితే వారికి ధనం దొరుకుతుంది. కంటబడడానికి ఏమి చేయవలెనన్న ప్రశ్న వచ్చినప్పుడే సామెతలోని రెండు మాటలూ ఎదురెదురుగా నిలబడతవి.

శేఖావాటీలోనే ఒక చిన్న గ్రామం. ఊరి పేరుతో ఇక్కడ పనిలేదు. ఊరిచివర, రోడ్డును ఆనుకొని ప్రాథమిక పాఠశాల ఉన్నది: మూడు గదులు, ఒక వరండా, ఒక ఖేజ్డీ చెట్టు. తెలుగునాట దసరానాడు పూజలందుకొనే జమ్మిచెట్టునే అక్కడ ఖేజ్డీ అంటారు. బడికి ప్రహరీగోడ లేదు. రేగుకంపతో వేసిన కంచె ప్రతి ఏటా గాలిదుమారాలకు చెదిరిపోయేది. మేకలు వచ్చి పిల్లల పుస్తకాలు నమిలేవి. వేసవిలో ఇసుక గదులలోకి కొట్టేది. రోడ్డుమీద లారీల రాకపోకలు పెరిగిన తరువాత, విశ్రాంతివేళ ఒకటవ తరగతి పిల్లలను బయటకు వదలడానికి ఉన్న ఇద్దరు ఉపాధ్యాయులకూ ధైర్యం చాలేది కాదు. ఊరివారు 'బహిన్‌జీ' అని పిలిచే ప్రధానోపాధ్యాయిని పంచాయతీకి వ్రాసినది, పై కార్యాలయానికి వ్రాసినది. నిధులు వచ్చినప్పుడు పరిశీలిస్తామని జవాబు వచ్చినది. నిధులు రాలేదు.

ఆ బడిలోనే చదివి, జయపురంలో ఉద్యోగం చేస్తున్న ఒక యువకుడు సెలవుకు వచ్చి ఈ సంగతి విన్నాడు. అంతర్జాలంలో పెడితే నెలలోపల గోడ లేస్తుందన్నాడు. ఆమె ఖాళీ స్థలం బొమ్మ తీయమన్నది. అతడు నవ్వినాడు.

"బహిన్‌జీ, ఇసుకను చూచి ఎవరూ డబ్బివ్వరు. ఒక ముఖం కావాలి."

రెండవ తరగతి చదివే ఒక బాలికను అతడు ఎన్నుకొన్నాడు. అన్న చొక్కా తొడుక్కొన్నది, బొత్తాములు లేవు, జుట్టు ఎండకు ఎర్రబారి ఉన్నది, ఆ వేళకు కాళ్లకు చెప్పులు లేవు. చిత్రం బాగా వచ్చినది. దాని కింద అతడు, ఈ చిన్నారికి చెప్పులు లేవు, పలక లేదు, భవిష్యత్తు లేదు, ఆదుకోండి అని వ్రాసినాడు. గోడ సంగతి చివరి వాక్యంలో వచ్చినది. నాలుగు రోజులలో కావలసిన ధనంలో మూడవవంతు వచ్చినది.

ఐదవనాడు ఆ బాలిక నాయనమ్మ బడికి వచ్చినది. సూరత్‌లో పనిచేసే పొరుగింటివారి కుమారుడు ఆ బొమ్మను చూచి ఇంటికి ఫోను చేసినాడు. ఆ మాట గడపగడపా దాటి ఆమె చెవిని పడినది. ఆమె వరండా మెట్టుమీద నిలబడి, ఓఢ్నీ సవరించుకొని, గొంతు పెంచకుండానే అడిగినది.

"బహిన్‌జీ, మా పిల్లకు చెప్పులున్నాయి. ఆ పూట వేసుకోలేదు, అంతే. గోడ లేనిది బడికి కదా? మా పిల్లను ఎందుకు చూపించినారు?"

ప్రధానోపాధ్యాయిని దగ్గర జవాబు లేదు. ఆ సాయంకాలమే జయపురానికి ఫోను చేసి, బొమ్మ తీసివేయమన్నది. ఇంకా డబ్బు వస్తున్నది, రెండు వారాలు ఆగుదామని యువకుడు బతిమాలినాడు. "తీసివేయి బేటా" అని మాత్రం ఆమె అన్నది. అంతకుముందు ధనం పంపినవారికందరికీ జరిగినది తెలియజేసి, కోరితే తిరిగి ఇస్తామని వ్రాయించినది. ఎవరూ తిరిగి అడగలేదు. తరువాత పెట్టిన కోరిక వేరుగా ఉన్నది. ఖాళీ స్థలం బొమ్మ, నాలుగు వైపుల కొలతలు, మేస్త్రీ వేసిన అంచనా, పంచాయతీకి వ్రాసిన అర్జీల తేదీలు. మొదటి వాక్యం ఈ విధంగా ఉన్నది: "ఈ గోడ కట్టించవలసినది ప్రభుత్వం, అడిగినాము, అడుగుతూనే ఉన్నాము, అంతవరకు పిల్లల రక్షణకోసం మీ సహాయం కోరుతున్నాము."

ధనం నెమ్మదించినది. ఈ నిజాన్ని దాచడం మంచిది కాదు. కొన్ని నెలలకు రెండు వైపుల గోడకు, గేటుకు సరిపోయినంత మాత్రమే వచ్చినది. రోడ్డువైపు గోడ లేచినది. వెనుకవైపు రేగుకంప కంచే ఉన్నది. అయితే రెండవసారి ఇచ్చినవారిలో కొందరు ధనంతో ఊరుకొనలేదు. పంచాయతీ ఏమన్నదని వ్రాసి అడిగినారు. జవాబు రానప్పుడు మళ్లీ అడిగినారు. గోడ కడుతున్న రోజులలో తడుపుకు నీళ్లు మోసినవారిలో ఆ బాలిక నాయనమ్మ కూడ ఉన్నది.

ఆ వృద్ధురాలు అడిగిన ప్రశ్న ఒక్క గ్రామానికి చెందినది కాదు. గోడ లేనిది బడికి, చూపబడినది పిల్ల. కొరత సంస్థది, అవమానం మనిషిది. పూర్వం దాత పేరును రాతిమీద చెక్కేవారు. ఇప్పుడు చెరగకుండా చెక్కబడుతున్నది పుచ్చుకొన్నవారి ముఖం. రాతిపలక ఊరిలోనే ఉంటుంది. తెరమీది చిత్రం ఎక్కడెక్కడ తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. ఒకచోట తీసివేసినా మరొకచోట నిలిచి ఉండవచ్చును. ఏడేండ్ల పిల్ల ఇరవై ఏండ్లది అవుతుంది. ఉద్యోగానికో పెండ్లికో సిద్ధమవుతుంది. ఆమె పేదరికపు బొమ్మ మాత్రం ఏడేండ్ల వయసులోనే ఉండి ఆమె వెంట వస్తుంది. ఆ బొమ్మకు ఆమె సమ్మతి ఎవరూ అడగలేదు. అడిగినా ఆ వయసులో ఆమె ఇవ్వగలిగినది సమ్మతి కాదు. బడి పిల్లకు చదువు ఇస్తుంది గదా అని, ఆమె ముఖాన్ని పెట్టుబడిగా వాడుకొనే హక్కు బడికి రాదు.

ఇక్కడ మరొక చిక్కు ఉన్నది. పిల్లల పరువును కాపాడి, సక్రమంగా, కొలతలతో అడిగినా, అన్ని బడుల కోరికా ఒకే విధంగా వినబడదు. రాజస్థానానికి దక్షిణపు కొసన డూంగర్‌పుర్, బాంస్‌వాడా జిల్లాలున్నవి. అక్కడి భీల్ కుటుంబాలు పంటపని అయిపోగానే గుజరాత్ నగరాలకు వలస వెళతారు. శేఖావాటీవారూ వలస వెళ్లినవారే. అయితే ఒకరు కలకత్తాలో కొట్లు తెరచినారు. మరొకరు అహమదాబాదులో ఇటుకలు మోస్తున్నారు. ఒకరి వలస ఊరికి పాఠశాలను ఇచ్చినది. మరొకరి వలస ఊరి పాఠశాలనుండి పిల్లలను తీసికొని పోతున్నది, తల్లిదండ్రుల వెంట వారూ వెళ్లవలసి రావడం చేత. శేఖావాటీ బడి తెరమీద అడిగితే పలికేందుకు నాలుగు నగరాలలో దాని పూర్వవిద్యార్థులున్నారు. భీల్ పల్లెలోని బడికి అట్టివారు ఎందరు? సెల్‌ఫోనుకు సంకేతమే సరిగా అందని కొండపల్లెలో, ఒక్కరే ఉపాధ్యాయుడు ఐదు తరగతులను సంబాళించుకొంటున్న చోట, కోరికను చక్కని భాషలో వ్రాయడానికి తీరిక ఎవరికున్నది? అడగడం వచ్చిన బడికి దొరుకుతుంది. అడగడం రాని బడికి దొరకదు. అవసరం ఎక్కువైన చోటనే అడిగే శక్తి తక్కువగా ఉండడం ఈ పద్ధతిలోని పెద్ద లోపం.

ప్రాథమిక పాఠశాలకు మరొక దురదృష్టం తోడై ఉన్నది. పెద్ద పదవులకు ఎక్కినవారు తమ కళాశాలను తలచుకొంటారు, ఉన్నత పాఠశాలను తలచుకొంటారు. అక్షరం దిద్దించిన బడిని తలచుకొనేవారు తక్కువ. ఆ వయసు జ్ఞాపకాలు పలుచనివి. ఆనాటి గురువు పేరు కూడ చాలామందికి గుర్తుండదు. పునాదిరాయి నేలలోపల ఉంటుంది గనుక దానిమీద ఎవరి పేరూ చెక్కరు. ఇవ్వదలచినవారు కూడ కంటికి కనబడేదానినే ఇవ్వగోరుతారు: ద్వారం, బోధనకు పెద్ద తెర, రంగులు వేసిన గోడ. మరుగుదొడ్డికి నీటిగొట్టం వేయించినవారికి ప్రారంభోత్సవం ఉండదు.

ఇన్ని చిక్కులకూ మూలమైన ప్రశ్న ఒకటి మిగిలి ఉన్నది: బడి అసలు ఎందుకు అడగవలసి వస్తున్నది? 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం, పదునాలుగేండ్లు నిండేవరకు పిల్లలకందరికీ ఉచిత నిర్బంధ విద్యను పదేండ్లలోపల అందించడానికి ప్రయత్నించవలెనని 45వ అధికరణంలో ఆదేశించినది. పదేండ్లు గడచినవి, అర్ధశతాబ్దం గడచినది. 2002లో ఎనభైఆరవ సవరణ ద్వారా 21-ఎ అధికరణం చేరి, ఆరు నుండి పదునాలుగేండ్ల పిల్లల చదువు ప్రాథమిక హక్కు అయినది. 2009లో చేసిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమలుకు వచ్చినది. ఆ చట్టపు అనుబంధంలో ప్రతి పాఠశాలకు ఉండవలసినవేమిటో పట్టికగా ఉన్నది: ప్రతి ఉపాధ్యాయునికి ఒక తరగతిగది, బాలురకూ బాలికలకూ వేరువేరు మరుగుదొడ్లు, సురక్షితమైన తాగునీరు, ఆటస్థలం, గ్రంథాలయం, ప్రహరీగోడ లేక కంచె. ఆ పట్టికను ఒకచేత, తెరమీద కనబడే కోరికలను మరొకచేత పట్టుకొని చూచినవారికి ఒక వింత తోస్తుంది. రెండు జాబితాలూ చాలవరకు ఒకటే. ఒకదానిలో హక్కుగా వ్రాసినది మరొకదానిలో విన్నపంగా మారినది. రావలసిన బాకీని యాచనగా అడగవలసి రావడం కంటె పెద్ద తలవంపు లేదు; అది అడిగేవారిది కాదు, బాకీ ఉన్నవారిది.

ఆ తలవంపు ఒక్కొక్కప్పుడు ప్రాణాలమీదికి వస్తుంది. 2025 జూలై 25 ఉదయం రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లా పిప్లోదీ గ్రామంలో ప్రభుత్వ పాఠశాల భవనం కూలి ఏడుగురు పిల్లలు మరణించినారు, మరికొందరు గాయపడినారు. బడికి వచ్చిన పిల్లలు బడికిందనే పడిపోయినారు. ఆ రోజు తరువాత, పైకప్పును విరాళాల పట్టికలో చేర్చవచ్చునా అన్న ప్రశ్నకు వేరే జవాబు అక్కరలేదు. పైకప్పు దాత మనసు కరిగేవరకు ఆగదు. రంగుపట్టీ నిండేవరకు దూలం ఓపికపట్టదు. కథలపుస్తకాలు, ఉయ్యాల, హార్మోనియం, ఆటవస్తువులు ప్రేమతో ఎవరైనా ఇవ్వదగినవి. అవి ఆలస్యమైతే పిల్లల ఆనందం ఆలస్యమవుతుంది. కప్పు, నీరు, గురువు ప్రేమకు వదలిపెట్టదగినవి కావు. అవి ఆలస్యమైతే జరిగే నష్టానికి పరిహారం లేదు.

అందువలన తెరమీది దానాన్ని మానవలెనని ఎవరూ అనరు. మానితే శేఖావాటీ బడికి ఆ రెండు గోడలు కూడ ఉండవు. లారీలు మాత్రం ఆగవు. ఇవ్వదలచినవారికి ఇచ్చే దారి కావలెను. ఆ దారి ఎంత సుగమమైతే అంత మంచిది. అయితే బడి తరఫున అడిగేది పెద్దలై ఉండవలెను, పిల్లలు కారాదు. చూపవలసినది కొరత, బిడ్డ ముఖం కాదు. ఇచ్చేవారు కూడ తమ పని వేలి చివర ముగిసినదని అనుకొనరాదు. ఐదువందల రూపాయలు పంపినవారికి, ఆ ఐదువందలు పంపవలసిన అవసరం ఎందుకు వచ్చినదని అడిగే అధికారం కూడ వస్తుంది. భీల్ పల్లెలోని ఉపాధ్యాయునికి ఆ ప్రశ్న వేసే తీరిక లేకపోవచ్చును. వేసినా వినేవారు లేకపోవచ్చును. నగరంలోని దాతకు గొంతు ఉన్నది, పరిచయాలున్నవి, ఓటు ఉన్నది. ఇచ్చిన చేతితో ఒక ఉత్తరం కూడ వ్రాస్తే, అడగడం రాని బడికి కూడ ఏదో ఒకనాడు తన వాటా దక్కుతుంది.

అడగనిదే అమ్మయినా పెట్టదన్న సామెతలో అడిగేది ఎవరో చెప్పలేదు. ఇంటిలో పసివాడు మాటరాక ఊరుకొన్నప్పుడు, వాడికింకా పెట్టలేదని తల్లితో చెప్పేది పక్కన కూర్చున్న అన్నయో అక్కయో. వాడిని గిల్లి ఏడిపించడం ఏ ఇంటి ఆచారమూ కాదు.